మూడో రౌండు

ఆటోనగర్‌లో, కమాను పట్టీలు సాగగొట్టే షెడ్డు పక్కన
నాంచారయ్య టీ బడ్డీ దగ్గర
ఇరవై ఆరేళ్లుగా అవే మూడు నిమిషాలు
మళ్లీ మళ్లీ కాగుతుంటాయి.

"మూడో రౌండు మీరావలిదే" అంటాడు టర్నరు జోజి,
గ్రీజు వేలితో బల్ల మీద రింగు గీసి.
"ఇక్కడ, ఈ మూల, తాళ్లకి ఆనించి
ఏడు దెబ్బలు. బాల్కనీలోంచి లెక్కపెట్టాను."
"లెక్కపెట్టావులే. గ్లవ్వు తెల్లభాగం తగిలిందా?
చేతుల మీద పడ్డవి దెబ్బలు కావురా, తలుపు తట్టడం"
అంటాడు వెల్డరు కోటిలింగం.
ఆర్కు వెలుగుకి వాడి కళ్లు సగం పోయాయి,
ఐనా నిన్న చూసినట్టే చెప్తాడు.

అయిదుగురు జడ్జీలు. మూడు, రెండు.
రిఫరీ ఎత్తింది ఎబినేజరు చెయ్యి,
రాయనపాడు వర్క్‌షాపు కుర్రాడిది.
మైకు పట్టుకున్నాయన ఓడినవాడి పేరు
మీనావల్లి అని చదివాడు.
స్టేడియం అంతా నవ్వింది.

మీరావలి పేరు పేపర్లో పడింది రెండేసార్లు.
ఒకటి, ఆ మర్నాడు ఫలితాల్లో, చీమ తలంత అక్షరాల్లో.
రెండోది, ఏలూరు కాలవలోంచి పిల్లాణ్ణి తీసినప్పుడు.
అందులోనూ ఫోటో పిల్లాడిదే.

జోజికి అవన్నీ కంఠతా వచ్చు.
అరవై కిలోల్లో ఎదురు నిలిచేవాడు దొరక్క
అరవై మూడుకి ఎక్కాడు, అరవై ఏడుకి ఎక్కాడు,
కడుపు నిండా నీళ్లు తాగి, కదిలితే బొళబొళమంటూ
కాటా మీద నిలబడి.
రెండ్రోజుల ముందు కబురొస్తే
పాసింజరులో నిలబడి కాకినాడ వెళ్లాడు, నెగ్గాడు,
తిరుగు బండిలోనూ నిలబడే వచ్చాడు.
"ఒక్కసారి కింద పడ్డాడా? చెప్పు!"
"పడలేదు సరే, ఎవర్నైనా పడగొట్టాడా?"
అక్కడ జోజి ఆగుతాడు. బల్ల మీద రింగు
మోచేతి కింద చెరిగిపోతుంది.
పడగొట్టలేదు. అదీ నిజమే.

నేను మాట్లాడను.
ఆ రాత్రి ఎర్రమూలలో స్టూలు మోసింది నేను.
ఎబినేజరు వైపు.
ఈ బల్ల దగ్గర ఎవరికీ తెలీదు.

రెండో రౌండు గంట కొట్టాక
వాడు స్టూలు మీద కూర్చోలేదు, జారాడు.
పళ్ల తొడుగు తీస్తే నా అరచేతిలోకి ఎర్రటి ఉమ్మి.
"అన్నా, పక్కటెముకలు...
ఎక్కణ్ణించి కొడుతున్నాడో కనపడ్డంలా.
తువ్వాలు వేసెయ్."
తువ్వాలు నా భుజం మీదే ఉంది.
కోచి అటు తిరిగి జడ్జీల మొహాలు చదువుతున్నాడు.
నాకప్పుడు ఇరవై. ఖలాసీ పని పర్మినెంటు కావాలి,
ఆ కాగితం మీద సంతకం కోచిగారి బావమరిదిది.
"నువ్వే ముందున్నావురా" అన్నాను.
నాకేం తెలుసు?
చన్నీళ్లు మొహాన కొట్టి, లేపి, తోశాను.

ఏడు కాదు జోజీ, తొమ్మిది.
చేతుల మీద పడ్డవాటికి కూడా మూలిగాడు వాడు.
ఆ మూలుగు మూలలో నిలబడ్డవాడికే వినపడుతుంది,
జడ్జీల బల్ల దాకా పోదు.
ఎబినేజరు టికెట్ కలెక్టరయ్యాడు.
మళ్లీ గ్లవ్వు తొడగలేదు.
ఎందుకురా అంటే
యూనిఫారం మీంచే కుడిపక్క తడుముకుని
"పదన్నా, బండి టైమైంది" అనేవాడు.

ఇంతలో సమ్మెట దింపి మీరావలి వస్తాడు,
కనుబొమల్లో ఇనప పొట్టు.
"బాయ్, ఇవాళైనా చెప్పు. మూడో రౌండెవరిది?"
ఎడమచేత్తో గ్లాసందుకుని ఊదుకుంటాడు.
"బూట్లు అరువువి. ఒక సైజు పెద్దవి.
ముందు పేపరు కుక్కాను.
మూడో రౌండుకి అది తడిసి ముద్దయింది.
వేళ్ల కింద మెత్తగా... అదొక్కటే గుర్తు."

కోటిలింగం కూడా ఇంకేం అనలేదు.

నాలుగు టీలకీ నేనిచ్చాను.
"నువ్వెందుకు?" అన్నాడు జోజి.
చిల్లర లేదన్నాడు నాంచారయ్య.
ఉంచు, రేపు చూసుకుందామన్నాను.